చారులో గోధుమ

గోధుమను గడప దాటించిన మొనగాడు మా పేటలో నేనొక్కడినే. ఈ మాట పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లకు చెప్పాను, మందుల షాపులో చెప్పాను, వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర కూడా చెప్పాను. చపాతీ ముక్క గానీ, బిస్కెట్ పొడి గానీ, సేమ్యా పోగు గానీ నా నాలుకను తాకలేదన్నాను. విన్నవాళ్లలో సగం మందికి గోధుమను అసలెందుకు మానాలో తెలియదు. తెలియనివాళ్ల ముందు గొప్పలు పోవడంలో ఉన్న సుఖం తెలిసినవాళ్ల ముందు దొరకదు.

ఇక నిజం. పేటలో ఇంకా ఎందరు మానేశారో నేను వాకబు చేయలేదు. పాండీ బజారులో ఒక సాయంత్రం సమోసా తిన్నాను. ఒక్క ముక్కే. కాదు, మొత్తం తిన్నాను.

సంగతి మొదటి నుంచి చెబుతాను.

నాకు డెబ్బై దాటాయి. మా వాళ్లు దొరల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి పాతుకుపోయారు. నేను అంబత్తూరులో పంపులు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో తల నెరిసేదాకా పనిచేశాను. లేత్ మిషను మీద నుంచి వచ్చిన ప్రతి సామానుకూ గేజి పెట్టి చూడటం నా పని. కొలత సరిపోతే పచ్చ రంగు చుక్క. సరిపోకపోతే ఎర్ర చుక్క. అటూ ఇటూ తేలనిదానికి పసుపు చుక్క పెట్టి, హోల్డ్ అని రాసి ఉన్న అరలో పడేసేవాళ్లం. ఆ అరంటే నాకు ఒళ్లుమంట. అందులో సామాను పేరుకుంటే తనిఖీ చేసేవాడికి చూపు ఆనలేదని అర్థం. నా హయాంలో ఆ అర ఎప్పుడూ ఖాళీగా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటాను. ఖాళీగా ఏమీ ఉండేది కాదు. పై ఆఫీసరు వచ్చేటప్పుడు అంతా వెనక్కి తోసి ముందు ఒక గోనెపట్టా వేసేవాణ్ణి.

నా మాటల్లో ఈ గుణం ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాత బంగారం పట్టుకెళితే టి. నగర్‌లో నగల కొట్టువాడు తరుగు తీసి లెక్క కడతాడే, అలా మా ఆవిడా మా అమ్మాయీ నా మాటకు తరుగు తీసి వింటారు. నాకు జ్వరం మండిపోతోందంటే మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, "వెచ్చగా ఉండాది, అంతే" అంటుంది. పడవంత చేప చూశానంటే మా అమ్మాయి తన అరచెయ్యి చాచి, "ఇంతేనా నాన్నా?" అంటుంది. ఏళ్ల తరబడి ఈ ఏర్పాటు బాగానే నడిచింది. నేను పెంచుతాను, వాళ్లు తగ్గిస్తారు, మధ్యలో ఎక్కడో నిజం మిగులుతుంది.

పదవీ విరమణ తర్వాత నాకు సుగర్ వచ్చింది. ఈ ఊళ్లో సుగర్ వచ్చిన ముసలివాళ్లందరూ రాత్రిపూట అన్నం మాని చపాతీకి దిగుతారు. నేనూ దిగాను. కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత కడుపు తిరగబడింది. తిన్న గంటకల్లా ఉబ్బరం, పొద్దున్నే పరుగు. ఒళ్లు చిక్కి, బెల్టుకు చెప్పులు కుట్టేవాడి చేత కొత్త చిల్లులు వేయించాల్సి వచ్చింది. ఒంట్లో రక్తం తక్కువైంది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, మా అమ్మ నేర్పింది: కడుపు ఉబ్బితే మజ్జిగలో ఇంగువ కలుపుకుని తాగడం. ఉబ్బినప్పుడల్లా తాగాను. తాగినకొద్దీ ఉబ్బింది. ఇంకొంచెం ఇంగువ వేసుకుని తాగాను.

చివరికి మా అమ్మాయి పోరు పడలేక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను. పెద్ద డాక్టరంటే నాకు మనవరాలనదగ్గ వయసు అమ్మాయి. అరవంలో, మధ్య మధ్య ఇంగ్లీషులో ఓపిగ్గా మాట్లాడింది. కొందరి ఒంటికి గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పడదట. మఖమలు గుడ్డకు నూగు ఉన్నట్టు పేగు లోపల సన్నటి నూగు ఉంటుందట. ఆ జిగురు వల్ల అది అరిగిపోయి తిన్నది ఒంటబట్టకుండా పోతుందట. ఆ జబ్బు పేరు సీలియాక్. ఈ వయసులో కూడా బయటపడవచ్చునట. రక్తం తీయించింది.

ఫలితం వచ్చిన రోజు ఆమె కాగితం కేసి, నా కేసి మార్చి మార్చి చూసింది.

"బార్డర్‌లో ఉంది సార్."

"ఉన్నట్టా, లేనట్టా?"

"ఉందని చెప్పలేను. లేదనీ చెప్పలేను."

"పచ్చో ఎరుపో తేల్చండమ్మా."

ఆవిడకు అర్థం కాలేదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. జీవితమంతా నేను గోనెపట్టా కింద దాచిన అరలో ఇప్పుడు నేనే కూర్చున్నాను, నెత్తిన పసుపు చుక్కతో.

గొట్టం లోపలికి పంపి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తే తెలుస్తుందని ఆమె చెప్పింది. దానికి కొన్ని వారాల వ్యవధి ఉంది. అప్పటిదాకా రోజూ తినేట్టే గోధుమ తినమంది. "ఇప్పుడే మానేస్తే లోపలి దెబ్బ మానిపోతుంది సార్. అప్పుడు ఎండోస్కోపీలో ఏమీ కనబడదు. దయచేసి మానొద్దు" అని రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తల ఊపాను.

ఆ మర్నాడే మానేశాను.

ఎందుకు మానానంటే చెప్పడం కష్టం. పార్కులో ఒకాయన, గోధుమ మానితే ఒళ్లు తేలికపడుతుందని ఏదో చెప్పాడు. నేనూ ఊరుకోలేక, ఎప్పుడో మానేశానన్నాను. అన్నాక నిజం చేయాలి కదా. దానికి తోడు పరీక్షకు వెళ్లేనాటికే జబ్బును గెలిచి వెళ్లాలన్న పౌరుషం. ఫ్యాక్టరీలో ఎవడైనా కుర్రవాడు గేజి పెట్టకముందే సామానును గరుకు కాగితంతో రుద్ది తెచ్చాడంటే నాకు తెలిసిపోయేది. "నేను చూడాల్సింది నీ చేతి పనిరా, నీ పాలిష్ కాదు" అని కేకలేసి ఎర్ర చుక్క పెట్టేవాణ్ణి. అదే పని నా పేగుకు నేనే చేశాను.

ఎండోస్కోపీ అయింది. పేగులో కొద్దిగా మార్పు ఉందట, కానీ ఈ జబ్బు వల్లే అని చెప్పేంత లేదట. మళ్లీ పసుపు చుక్క.

"టెస్టు వరకూ గోధుమ తిన్నారు కదా సార్?" అంది డాక్టరమ్మ.

"కొద్దికొద్దిగా" అన్నాను. సమోసా గుర్తుకొచ్చి ఆ మాట అబద్ధం కాదనిపించింది.

ఆమె ఆలోచించింది. రెండు పరీక్షలూ తేల్చలేదు కాబట్టి మూడోది నా ఒళ్లే అంది. కొన్ని నెలలు గోధుమ, మైదా, రవ్వ పూర్తిగా మాని, ఏం తేడా వచ్చిందో వచ్చి చెప్పమంది. "ఉన్నదున్నట్టు చెప్పండి సార్. మీరు చెప్పేదాని మీదే నేను నిర్ణయించాలి." మా ఇంట్లో వాడుకలో ఉన్న తరుగు సంగతి ఆమెకు తెలియదు పాపం.

లేచి వస్తుంటే మరో మాట అడిగింది. "పిల్లలు ఉన్నారా? ఇది రక్తసంబంధంలో వస్తుంది. వాళ్లు కూడా చూపించుకుంటే మంచిది."

ఉన్నది ఒక్క అమ్మాయి. మా ఇంటి పై వాటాలో తన భర్తతో ఉంటుంది. బడిలో లెక్కలు చెబుతుంది. చిన్నప్పటి నుంచీ రక్తం తక్కువే. ఐరన్ మాత్రలు మింగీ మింగీ ఏ కంపెనీ మాత్ర ఏ వాసన వేస్తుందో చెప్పగలదు. బడి నుంచి వచ్చి మేడ మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగి, కటకటాలు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కుతుంది. కింద గదిలో పడుకుని ఉంటే నాకు ఆ అడుగులు వినబడతాయి. ఆగుతాయి. మళ్లీ మొదలవుతాయి. ఏళ్ల తరబడి వింటూ, బడి సంచీ బరువని అనుకున్నాను.

డాక్టరమ్మ మాట చెబితే మా అమ్మాయి చేత్తో తోసేసింది.

"సుమ్మా, ఊరికే భయపెట్టొద్దు నాన్నా. నీకే ఉందో లేదో తెలీదు, నాకెందుకు ఇప్పుడు? ముందు నీది తేలనీ. నీకు కండిప్పా, ఖాయంగా ఉందని డాక్టరు చెబితే అప్పుడు పోతా. ఎగ్జామ్స్ టైంలో లీవు అడిగితే మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను నమిలి మింగేస్తాది."

అలా నాది తేలితే తప్ప దానిది మొదలు కాని పరిస్థితి వచ్చింది. ఈ సంగతి అప్పుడు నా బుర్రకు పూర్తిగా ఎక్కలేదు. నేను వేరే పనిలో ఉన్నాను. వంటింటి మీద దండయాత్ర చేస్తున్నాను.

గోధుమపిండి డబ్బా, బొంబాయి రవ్వ, సేమ్యా, టీలోకి ముంచుకునే బిస్కెట్లు, అన్నిటినీ పై వాటాకు తరలించాను. జొన్నపిండి, రాగిపిండి తెచ్చాను. జొన్నరొట్టె నేనే కొడతానని కూర్చుని, పూర్ణచంద్రుడిలా కొట్టానని పార్కులో చెప్పాను. నిజానికి అది మద్రాసు రాష్ట్రం పాత పటంలా వచ్చింది, మా ఆవిడ చెంచాతో ఎత్తి పళ్లెంలో పెట్టింది. అయినా సరే, ఒళ్లు తేలిగ్గా ఉందన్నాను. కడుపు శాంతించిందన్నాను. ఇరవై ఏళ్ల కుర్రవాడిలా మెట్లెక్కుతున్నానన్నాను. చెప్పినకొద్దీ అలాగే ఉందనిపించింది. మధ్యాహ్నం చారన్నం తిన్నాక మాత్రం కడుపు బండలా బిగిసేది. అది ఎవరికీ చెప్పలేదు. మజ్జిగలో ఇంగువ కలుపుకుని తాగేవాణ్ణి.

ఒక రాత్రి మా అమ్మాయి కిందికి వచ్చి మాతోనే భోంచేస్తోంది. నేను గ్లాసులో చారు పోసుకుని తాగుతూ దానికి పాఠం చెబుతున్నాను. గోధుమ ఎక్కడెక్కడ మారువేషంలో ఉంటుందో, ఎలా కనిపెట్టాలో, ఎంత నిగ్రహం కావాలో. మా ఆవిడ పొయ్యి దగ్గర మర్నాటి పచ్చడికి నూనె కాచి, ముద్ద ఇంగువ గిల్లి వేస్తోంది. చెయ్యి ఆపి ఇటు తిరిగింది.

"ఏమండీ, ఒక మాట అడుగుతా. మైదా కూడా గోధుమే కదా?"

"గోధుమే. పొట్టు తీసి మర పట్టింది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అయితే ఇంగువలో ఉండాది కదా."

"ఏముంది?"

"మైదా. పిండి కలపకపోతే ముద్ద ఎట్టా కడతాది? మంచి ఇంగువకు పిండి తక్కువ అని మా అమ్మ ఎప్పుడూ అంటా ఉండేది."

నేను గ్లాసు కింద పెట్టాను. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు సందిస్తే కదా! మూడు పూటలా చపాతీ మీద ఉపన్యాసం ఇస్తా ఉండారు. ఇంగువ గురించి అడిగినారా?"

మా అమ్మాయి నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది. నేను లేచి, ఫ్యాక్టరీ రోజుల నాటి నా భూతద్దం తెచ్చి డబ్బా మీద చీమలంత అక్షరాలు చదివాను. తుమ్మబంక, మైదా, ఇంగువ. ఉంది. ముద్ద ఇంగువ ఒక్కటే అలాగేమో అనుకుని, ఇంట్లో ఉన్న ఇంగువ పొడి డబ్బా కూడా చూశాను. అందులోనూ ఉంది.

చారులో ఇంగువ. సాంబారులో ఇంగువ. ఆవకాయలో, పులిహోరలో, కొబ్బరి పచ్చడిలో ఇంగువ. చపాతీని గెంటేసిన వీరుడు పూటపూటకూ గోధుమనే తాగుతున్నాడు, పైగా కడుపు నొచ్చినప్పుడల్లా మందు పేరుతో ఇంకో చిటికె ఎక్కువ వేసుకుని. కారం మానేసి మిరపకాయ బజ్జీ తిన్నట్టుంది నా నిగ్రహం.

"గోధుమ మారువేషంలో ఉంటాది నాన్నా, కనిపెట్టాల" అంది మా అమ్మాయి, నా గొంతుతోనే.

మర్నాడు ఆటో ఎక్కి సౌకార్‌పేట వెళ్లాను. సందుల్లో దిగి, బస్తాలు మోసేవాళ్లకు దారిస్తూ, దినుసులు టోకున అమ్మే ఒక సేటు కొట్టు పట్టుకున్నాను. పిండి కలపని ఇంగువ కావాలన్నాను. ఆయన డబ్బా మూత తీసి, దాన్లోంచి ఇంకో డబ్బా తీసి, దాన్లోంచి పొట్లం తీశాడు. మైనంలా మెత్తగా ఉన్న పాల ఇంగువ. "ఆవగింజంత చాలు సార్. మీరు వాడే ముద్దలా వేయొద్దు" అన్నాడు. నేను సరేనన్నాను. డాక్టరమ్మకు తల ఊపినట్టే ఊపాను.

ఆ మధ్యాహ్నం చారు నేనే పెట్టి, ఇంగువ శనగగింజంత వేశాను. నూనెలో పడగానే లేచిన ఘాటుకు పనగల్ పార్కులో నడిచేవాళ్లు ఆగి చూశారని తర్వాత చెప్పాను. అంత దూరం పోలేదు. పై వాటా దాకా పోయింది. ఆదివారం కావడంతో మా అమ్మాయి నిద్రలోంచి లేచి, మెట్ల మీద నుంచి, "నాన్నా, గ్యాస్ లీకవుతా ఉండాదా?" అని అరిచింది. మా ఆవిడ చారు గిన్నెను అలాగే ఎత్తి పెరట్లో పెట్టి, కిటికీలన్నీ తెరిచి, రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నుంచి ఆవగింజంతే. ఊరగాయలు కూడా పై వాటాకు పోయాయి. ఇప్పుడు మానడమంటే నిజంగా మానడం. కొన్ని వారాలు గడిచాయి. ఇక్కడే అసలు చిక్కు వచ్చి పడింది.

తేలిగ్గా ఉందా? ఉన్నట్టే ఉంది. బెల్టు ఒక చిల్లు వెనక్కి వచ్చిందా? వచ్చినట్టే ఉంది. కానీ, మానకముందే బాగుందని చెప్పినవాణ్ణి. మానానని అనుకుని తింటున్న రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి అయ్యానని చెప్పినవాణ్ణి. ఇప్పుడు నిజంగా బాగుంటే దాన్ని దేనితో కొలవాలి? కొలతబద్దను నేనే సాగదీసి పెట్టుకున్నాను. పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకుని, నిజం చెప్పవే అని అడిగాను. అది కూడా నా కడుపే కదా, ఏదో ఒకటి చెప్పింది.

డాక్టరమ్మ రమ్మన్న రోజు వచ్చింది. బడికి సెలవు కావడంతో మా అమ్మాయి తోడు వచ్చింది. ఆసుపత్రి హాలు సంతలా ఉంది. మైకులో పేర్లు పిలుస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, ఎదురుగా టీవీలో ఎవరో వంట చేస్తున్నారు. ఇంత గోలలో మా అమ్మాయి కుర్చీలో కూర్చున్న కాసేపటికే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పట్టపగలు. దాని చెయ్యి నా ఒళ్లో పడింది.

తీసి పక్కన పెట్టబోయి చూశాను. గోళ్లు తెల్లగా సున్నం రాసినట్టు ఉన్నాయి. కొన్ని లోపలికి వంగి చెంచాల్లా ఉన్నాయి. కళ్ల కింద నల్లటి చారలు. ఇనుప సామాను మీద వెంట్రుకంత గీత ఉంటే గుడ్డి బల్బు వెలుతురులో పట్టుకున్నవాణ్ణి. రోజూ కళ్లెదుట తిరిగే బిడ్డ చేతిని ఇన్నేళ్లలో ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడలేదు. మెట్ల మీద ఆగిన అడుగులన్నీ ఒక్కసారిగా వినబడ్డాయి. నాది తేలితే గానీ అది కదలదు. నాది తేలడం నా నోట్లో ఉంది.

పేరు పిలిచారు. లోపలికి వెళ్లాం.

"ఎలా ఉన్నారు సార్?"

"గుర్రంలా ఉన్నానమ్మా!"

అలవాటు. నోరు దానంతట అదే పలికింది. మా అమ్మాయి పక్కనుంచి అరచెయ్యి కొంచెం కిందికి దించి చూపించింది. తరుగు. డాక్టరమ్మ అది చూడలేదు. తల వంచుకుని, "డయట్‌తో చాలా మెరుగు" అని గొణుక్కుంటూ రాసుకుంటోంది. నా మాట ఒక్క గ్రాము తరుగు లేకుండా కాగితం మీద పడటం జీవితంలో మొదటిసారి చూశాను.

"ఆగండమ్మా. అది కొట్టేయండి."

ఆమె తలెత్తింది.

చెప్పాను. ఎండోస్కోపీకి ముందు తినమన్నప్పుడు మానేశానని చెప్పాను. మానమన్నాక ఇంగువతో పూటపూటకూ తిన్నానని చెప్పాను. సమోసా సంగతి చెప్పాను, మొత్తం తిన్నానని కూడా చెప్పాను. కడుపు బిగిసిన మధ్యాహ్నాలు చెప్పాను. పాల ఇంగువ తెచ్చుకున్న తర్వాతి వారాలే లెక్కలోకి తీసుకోమన్నాను, వాటిలోనూ కొంచెం మెరుగే తప్ప గుర్రం గిర్రం ఏమీ లేదన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. కోపం వచ్చింది, దాన్ని మర్యాదగా మింగింది.

"మానకూడనప్పుడు మానారు. మానాల్సినప్పుడు తిన్నారు. మీ రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను ఎంత తల పట్టుకున్నానో తెలుసా సార్?"

"తెలియదమ్మా. కానీ మీరు పెట్టాల్సిన చుక్క చెరిపింది నేనే."

మా అమ్మాయి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుకే ఆయాసం వచ్చింది. డాక్టరమ్మ ఆ ఆయాసం విని దాని వైపు తిరిగింది. ముఖం చూసింది. గోళ్లు చూపించమంది.

"మీరు గోధుమ మానారా?"

"లేదు డాక్టర్. నాన్న పంపించిందంతా మా ఇంట్లోనే ఉండాది. బడికి రోజూ చపాతీనే కట్టుకుపోతా."

"మంచిది. మానొద్దు. ఈరోజే రక్తం ఇచ్చి వెళ్లండి."

"నాన్నది తేలినాక..."

"తేలకపోవచ్చు. కొందరిది ఎప్పటికీ తేలదు. దానికోసం మీరెందుకు ఆగాలి?"

మా అమ్మాయి బడిలో పరీక్షలంది, పేపర్లు దిద్దాలంది, వచ్చే నెల చూద్దామంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"నాకు భయంగా ఉందమ్మా" అన్నాను.

అది అలవాటుగా తరుగు తీయడానికి నా ముఖం వైపు చూసింది. కాసేపు చూసింది. తీయడానికి ఏమీ దొరకలేదనుకుంటాను.

"సరి నాన్నా. పద, ఎక్కడ ఇయ్యాలో చూపించు" అంది.

దాని ఫలితంలో పసుపు చుక్క లేదు. తళతళలాడే ఎరుపు. సెలవుల్లో ఎండోస్కోపీ చేశారు. అంతవరకూ రోజూ చపాతీ తింటోందో లేదో నేనే దగ్గర కూర్చుని చూశాను, ఒక్క పూట కూడా మానొద్దని వెంటపడ్డాను. "ఈ ఇంట్లో గోధుమ మానొద్దని చెప్పేదానికి మీరే దొరికినారా!" అని మా ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. పేగు లోపలి నూగు అరిగి నున్నబడిందని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. మింగిన మాత్రలన్నీ ఇన్నేళ్లూ ఆ నున్నటి గోడ మీద జారిపోయాయన్నమాట. జబ్బు పేరు వినగానే మా అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. "అయితే నేను సోమరిదాన్ని కాదు కదా" అంది. ఆ మాటకు నేను ఆసుపత్రి గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

పై వాటాకు పోయిన డబ్బాలన్నీ మళ్లీ కిందికి దిగి, మా పనిమనిషి ఇంటికి ప్రయాణమయ్యాయి. జొన్న, రాగి, సజ్జ పైకి ఎక్కాయి. రొట్టెలు కొట్టే బాధ్యత నాదే. ఇప్పుడు గుండ్రంగానే వస్తున్నాయి. అంటే, చుట్టూ గిన్నె బోర్లించి కోస్తే గుండ్రంగా వస్తున్నాయి.

నా సంగతి? డాక్టరమ్మ చెప్పినట్టు కొన్ని వారాలు గోధుమ తిని మళ్లీ రక్తం ఇచ్చాను. ఈసారి నిజంగానే తిన్నాను, మా ఆవిడ సాక్షి. మళ్లీ బార్డరే. జన్యువుల పరీక్ష కూడా చేయించారు. ఉండే అవకాశం ఉంది, ఉందని రుజువు లేదు అని వచ్చింది. అమ్మాయికి ఉంది కాబట్టి నాకూ ఉండవచ్చు, నా కడుపుకు వేరే కారణమూ ఉండవచ్చు. ఏడాదికోసారి చూద్దామంది. మునుపటి నేనైతే ఆ అర మీద గోనెపట్టా కప్పేవాణ్ణి. ఇప్పుడు పార్కులో ఎవరైనా అడిగితే, "నాది తేలలేదండీ" అంటున్నాను. అలా అన్నప్పుడు వాళ్లు ఏం మాట్లాడాలో తెలియక ముందుకు నడిచిపోతారు. అదీ ఒక సుఖమే.

తేలినా తేలకపోయినా, మా అమ్మాయి పళ్లెంలో లేనిది నా పళ్లెంలోకి రాదు. ఇది నిగ్రహం కాదు, నేను నిగ్రహం ఉన్నవాణ్ణి కాను. రెండు రకాల వంట చేయడం మా ఆవిడకు కుదరదు, అంతే.

మొన్న సాయంత్రం మంచం మీద పడుకుని ఉన్నాను. చారు కాగుతోంది, ఆవగింజంత ఇంగువ వాసన గుమ్మం దాకా వచ్చి ఆగింది. వీధి గేటు చప్పుడైంది. మా అమ్మాయి బడి సంచీ మెట్ల గోడకు రాసుకుంటూ ఎక్కుతోంది. అడుగులు వింటూ, అలవాటుగా సగం దగ్గర ఆగుతాయని ఎదురుచూశాను. ఆగలేదు. పై తలుపు తాళం తీసిన చప్పుడు వినబడింది.

వంటింట్లోంచి మా ఆవిడ కూడా విన్నట్టుంది. గరిటె చప్పుడు ఆగింది.

"విన్నావా, పరిగెత్తి ఎక్కింది" అన్నాను.

"పరిగెత్తలేదు, నడిచింది" అంది మా ఆవిడ.

నిజమే. నడిచింది. ఆగకుండా నడిచింది.